ఆయ్ అంది గానీ వినలేదు

మా కోడలు ఉద్యోగం చేసుకునే గది ఒకప్పుడు కొబ్బరికాయలు పోసుకునే కొట్టు. వానాకాలంలో తలుపు తీస్తే ఇప్పటికీ లోపల్నుంచి తడి పీచు వాసన వస్తుంది. గోడకి పెద్ద తెర, బల్ల మీద చిన్న తెర, మూలన ఇన్వర్టరు, కిటికీ కింద రెండు నెట్టు పెట్టెలు. ఒకటి స్తంభాల మీదుగా వచ్చే ఫైబరు లైనుది, రెండోది సిమ్ము వేసి వాడేది. కొబ్బరి మట్ట రాలి తీగ మీద పడటం మా కొత్తపేట వైపు మామూలే. అందుకని రెండోది లేకపోతే కుదరదు.

పెళ్ళై వచ్చిన కొత్తలో ఆ అమ్మాయి చేసే పనేమిటో నాకు అర్థమయ్యేది కాదు. పొద్దున్నే టిఫిను తిని ఆ గదిలోకి వెళ్ళి కూర్చునేది. ఒక్కోసారి చాలాసేపు చేత్తో ఏమీ చెయ్యకుండా ఆ గోడ తెరకేసి చూస్తూ ఉండేది. పక్కింటావిడ ఒకరోజు కిటికీలోంచి తొంగిచూసి, టీవీ చూసినందుకు కూడా జీతం ఇస్తారటండీ ఇప్పుడు అంది. నవ్వేసి ఊరుకున్నాను గానీ నా లోపలా అదే అనుమానం ఉండేది.

నాకు అప్పటికి చదువు రాదు. మా పుట్టింట్లో నేను పెద్దపిల్లని. తమ్ముళ్ళని ఎత్తుకుని తిప్పడంతోనే బడికి వెళ్ళే వయసు గడిచిపోయింది. పెళ్ళయ్యాక మావారు పేపరు చదివి చెప్పేవారు, మా అబ్బాయి బస్సు బోర్డు చదివి చెప్పేవాడు. అలా జరిగిపోయింది. యాభై దాటాక, కోడలు వచ్చాక, ఒక మధ్యాహ్నం ఆమె తన గదిలో చాప వేసి నన్ను కూర్చోబెట్టింది. పాత క్యాలెండరు కాగితం వెనక అ రాసి, దిద్దండి అత్తయ్యగారూ అంది. తెర ప్రశాంతంగా ఉన్న వేళల్లో నాకు అక్షరాలు చెప్పేది. తెలుగు ఒత్తులు పట్టుబడ్డాక ఇంగ్లీషు మొదలుపెట్టాం. దానికి క్యాలెండరు అక్కర్లేకపోయింది. ఎదురుగా గోడ మీదే బోలెడు ఇంగ్లీషు ఉంది.

ఆ తెర మీద వరసకొక ఊరి పేరు. దాని పక్కన ఒక మాట. మాట పక్కన ఆకుపచ్చ చుక్క. అన్ని వరసల్లోనూ దాదాపు అదే మాట ఉండేది, చాలా పొడుగు మాట. దాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఎస్టాబ్లిష్డ్. అంటే పొత్తు కుదిరిందని అర్థం చెప్పింది కోడలు. ఒకరోజు ఒక ఊరి పక్కన వేరే మాట కనిపించింది. చిన్నదే కావడంతో వెంటనే చదివేశాను. యాక్టివ్. నాకు తెలిసిన మాటే. పిల్లాడికి జ్వరం తగ్గాక డాక్టరుగారు అనే మాట, బాబు యాక్టివ్‌గా ఉన్నాడమ్మా అని. ఇదిగో, ఇది మహా హుషారుగా ఉంది చూడు అన్నాను. కోడలు తల తిప్పి చూసి, గబుక్కున కుర్చీ ముందుకి లాక్కుంది. పక్కన చుక్క ఎర్రగా ఉన్న సంగతి నేను గమనించలేదు.

కాసేపటికి ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. అప్పుడు నా వైపు తిరిగి చెప్పింది. వాళ్ళ పనిలో యాక్టివ్ అంటే హుషారు కాదట. తలుపు కొడుతున్నాను, ఇంకా ఎవరూ తీయలేదు అని చెప్పడమట. ఎంత కొట్టుకుంటే అంత యాక్టివ్. పొత్తు కుదిరినవాడు ఏ హడావుడీ లేకుండా ఉంటాడు. ఆ మాటకి నాకు ఎందుకో చాలా ముచ్చటేసింది. ఆ రోజే మొదటిసారి, అసలు నువ్వు చూస్తున్నదేంటమ్మా, మొదట్నుంచీ చెప్పు అని అడిగాను.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత మేర రాస్తాను. వాళ్ళ కంపెనీ ఎవరి చూపూ పడని దారులు అద్దెకిస్తుంది. దాన్ని వీపీఎన్ అంటారు. రోడ్డు అందరిదీ. అందరి బళ్ళూ తిరిగే ఆ రోడ్డు మీదే ఈ బండీ వెళుతుంది. కాకపోతే మా అమ్మమ్మల కాలంలో ఘోషా ఆడవాళ్ళ బండికి కట్టినట్టు చుట్టూ పరదాలు కట్టి ఉంటాయి. లోపల ఎవరున్నారో దారిలో ఎవరికీ తెలియదు. ఎక్కించినవాళ్ళకీ దించుకునేవాళ్ళకీ మాత్రమే తెలుసు. రక్తపరీక్షలు చేసే ల్యాబుల వాళ్ళు ఊరూరా శాఖలు పెట్టుకుని, ఆ పరదా బండిలో రోగుల వివరాలు పంపుకుంటున్నారు. ప్రతి ఊళ్ళోనూ ఒక పెట్టె ఉంటుంది. ఆ పెట్టెకి ఏ చిరునామాకి ఏ దారిన వెళ్ళాలో తెలియాలి. ఎలా తెలుస్తుంది? పక్క పెట్టె చెబుతుంది.

"వాటిని పొరుగువాళ్ళు అంటామండి మా పనిలో," అంది.

"పొరుగంటే గోడ అవతల ఉండాలి గదమ్మా. రామచంద్రపురం పెట్టెకి హైదరాబాదు పెట్టె పొరుగెలా అవుతుంది?"

"మాట అందితే పొరుగేనండి."

పొరుగువాళ్ళు ముందు పలకరించుకుంటారు. పొత్తు కుదిరాక, నా మీదుగా వస్తే ఫలానా చిరునామాలకి వెళ్ళొచ్చు అని ఒకరికొకరు చెప్పుకుంటారు. చెప్పుకోవడం అయిపోయాక కూడా ఊరుకోరు. బతికే ఉన్నానని తెలియడానికి కొద్దికొద్దిసేపటికీ ఒక చిన్న మాట పంపుకుంటూ ఉంటారు. ఆ మాటలో ఇంకే సమాచారమూ ఉండదు. ఉన్నాను, అంతే.

"మీరు ఫోన్లో పిన్నిగారికి ఏదైనా చెప్తుంటే అవతల నుంచి ఆయ్, ఆయ్ అంటారు చూడండి, అదేనండి," అంది కోడలు. "ఆయ్ వినబడినంతసేపూ లైను ఉన్నట్టు. కాసేపు వినబడకపోతే ఏం చేస్తారు మీరు?"

"హలో హలో అంటాను."

"ఇవి హలో అనవండి. కాసేపు చూసి, పోయాడు అనేసుకుంటాయి. వాడు చెప్పిన దారులన్నీ ఆ క్షణానే చెరిపేసుకుంటాయి."

మా కోనసీమలో ఆయ్ అనే మాట లేకుండా పొద్దు గడవదు. ఔనండి అన్నా ఆయే, వింటున్నానండి అన్నా ఆయే, చెప్పండి, అలాగేనండి, ఇక వెళ్ళొస్తానండి, అన్నిటికీ ఆయే. పుట్టినప్పటి నుంచీ వింటున్న ఆ మాట ఇనప పెట్టెలు కూడా అనుకుంటున్నాయంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఆ సాయంత్రం వసారాలో కూర్చుని రోడ్డు వెంబడి స్తంభాల మీద సాగిపోతున్న ఆ నల్లటి తీగని చూస్తూ ఉండిపోయాను. దానిలో నుంచి ఎన్ని ఊళ్ళ ఆయ్‌లు వెళ్తున్నాయో. చప్పుడు లేదు, వెలుతురు లేదు. దాని మీద ఒక కాకి వాలి ఉంది.

ఇంకో సంగతి అంతకన్నా ఆశ్చర్యం. మొత్తం దారుల పటం ఎవరి దగ్గర ఉంటుందమ్మా అని అడిగాను. ఎవరి దగ్గరా ఉండదు అంది. లోకమంతటా అంతేనట. ప్రతివాడికీ తన పొరుగువాడు చెప్పిందే తెలుసు. ఆ పొరుగువాడికి వాడి పొరుగువాడు చెప్పింది. అలా మాట మీద మాట, నమ్మకం మీద నమ్మకం నిలబడి, ఇక్కడ నొక్కితే అమెరికాలో తెరుచుకుంటోంది. దీన్ని కట్టిన మనుషులు మన ఇరుగుపొరుగుల్ని ఎంత శ్రద్ధగా చూసి ఉంటారో అనిపించింది.

ఆ ఏడే వేసవి చివర్లో జొన్నాడ దగ్గర రోడ్డు పనివాళ్ళు తవ్వుతుంటే పెద్ద తీగ ఒకటి తెగింది. నేను చాప మీద కూర్చుని కాపీ రాసుకుంటున్నాను. గోడ మీద ఒక చుక్క ఎర్రబడింది. వెంటనే ఇంకోటి, ఆపైన నాలుగైదు. నేను కాపీ పక్కన పడేసి లేచాను. కోడలు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. ఏదో ఒకటి చెయ్యమ్మా అన్నాను. ఉండండి అత్తయ్యగారూ, వాళ్ళని మాట్లాడుకోనివ్వండి అంది. చూస్తుండగానే కొసనున్న చుక్క ఆకుపచ్చగా మారింది. తరువాత దాని పైది. ఒక పెట్టె తన పొరుగువాడు పోయాడన్న కబురు పక్కవాడికి చెప్పింది, వాడు తన పక్కవాడికి చెప్పాడు, ఎవడో ఒకడు నా మీదుగా రండి అన్నాడు. ఎవరూ ముట్టుకోలేదు. వరదకి గట్టు తెగితే మా ఊళ్ళు కూడా ఇలాగే ఒకరి పెరట్లోంచి ఇంకొకరి పెరట్లోకి దారి చేసుకుంటాయి. కాకపోతే మేము గంటలు గంటలు అరుచుకుంటాం. ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

నేను దండం పెట్టానట. నాకు గుర్తు లేదు. కోడలు ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

వానలు మొదలవుతూనే కష్టం వచ్చింది. కంపెనీ అందర్నీ ఆఫీసుకి రమ్మంది. మా అబ్బాయిది కొబ్బరికాయల వ్యాపారం. తోటలు ఇక్కడ, లారీలు ఇక్కడ. వాడు హైదరాబాదు వెళ్ళి చేసేదేమీ లేదు. కోడలు పైనున్న మేడమ్‌గారిని బతిమాలుకుంది. ఆవిడ ఒక షరతు పెట్టింది. ఈ వానాకాలం అంతా ఇంటి నుంచే చూడు, ఏ శాఖ పడిపోయినా కస్టమరు ఫోను చెయ్యకముందే మనకి తెలియాలి, ఒక్కటి తప్పినా పెట్టె సర్దుకుని రావాలి అంది. ఆ మాట కోడలు మాకు భోజనాల దగ్గర చెప్పింది. పోనీ మానేస్తే ఏమవుతుందమ్మా అన్నారు మావారు. ఆయన ఉద్దేశం మంచిదే. కోడలు కంచంలోంచి తల ఎత్తలేదు.

"మాననండి మావయ్యగారూ. ఇది నాకొచ్చిన పని," అంది.

ఆ గొంతు విన్నాక ఆ మాట మళ్ళీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మానదు. తప్పు జరిగితే వెళుతుంది. అక్కడ హాస్టల్లో ఉంటుంది, వీడు ఇక్కడ ఉంటాడు. నా చదువు సంగతి నేను పైకి అనలేదు.

అప్పటికి లైన్ల మరమ్మతులని చెప్పి మా వైపు మధ్యాహ్నాలు కరెంటు తీసేస్తున్నారు. మాకు తీసే వేళకే రామచంద్రపురంలోనూ తీసేవారు. ఒకరోజు ఆ రామచంద్రపురం ల్యాబు నుంచి హైదరాబాదుకి ఫోను వెళ్ళింది. రిపోర్టులు కదలట్లేదు, జనం బల్లల మీద కూర్చుని ఉన్నారు అని. మేడమ్ కోడలికి ఫోను చేసింది. కోడలు తెర చూసింది. రామచంద్రపురం ఎస్టాబ్లిష్డ్, చుక్క ఆకుపచ్చ. అంతా బాగానే ఉందండి అని చెప్పింది. కాసేపటికి రిపోర్టులు వాటంతట అవే కదిలాయి. రెండోరోజు మళ్ళీ అదే ఫోను. మూడోసారి కూడా వచ్చాక మేడమ్ గొంతు మారింది. కరెంటు పోయినప్పుడే ఇలా అవుతోందంటే మీ ఇంట్లో నెట్టు ఆగి, తెర బిగుసుకుపోయి, నీకు పాత ఆకుపచ్చే కనిపిస్తోంది అంది. కోడలు కాదండి, ఇన్వర్టరు మీద నడుస్తోందండి, రెండు లైన్లున్నాయండి అని చెప్పింది. రామచంద్రపురం వాళ్ళకీ రెండు లైన్లున్నాయి, ఒకటి పోతే రెండోది అందుకుంటుంది, దారి మారేటప్పుడు చుక్క ఒక్కసారి రెప్పకొట్టడం కూడా నేను చూస్తున్నాను అంది. ఆవిడ నమ్మలేదు. ఆమె జాగాలో ఉంటే నేనైనా నమ్మను. సోమవారం నుంచి ఆఫీసుకి రమ్మంది.

మా అబ్బాయి అటక మీంచి పెద్ద సూట్‌కేసు దింపాడు. బూజు వాసన వేస్తోందని దాన్ని తెరిచి అరుగు మీద పెట్టాను. వాన తెరిపిచ్చిన ఎండలో అది నోరు తెరుచుకుని పడి ఉంది. వచ్చేపోయేవాళ్ళు ఎక్కడికండీ ప్రయాణం అని అడుగుతుంటే, పెట్టె ఎండబెట్టుకుంటున్నామండి అని చెబుతూ వచ్చాను.

ఆ మధ్యాహ్నం భోజనాలు వసారాలో పెట్టుకున్నాం. కరెంటు లేదు, ఇన్వర్టరు ఆమె తెరలకీ నెట్టు పెట్టెలకీ మాత్రమే. గదిలో తెర కనబడేలా తలుపు బార్లా తీసి ఉంచి, గుమ్మానికి ఎదురుగా కూర్చుంది కోడలు. మా అబ్బాయి తోటకి వెళ్ళాడు. మావారు కంచం పక్కన పేపరు మడత పెట్టుకుని చదువుతూ తింటున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. ఊరుకుంటే నాకు ఏడుపు వచ్చేలా ఉంది. అందుకని ఆయనకి పనులు చెప్పడం మొదలుపెట్టాను. మోటారు మెకానిక్‌కి ఫోను చెయ్యండి అన్నాను. ఆయ్ అన్నారు. కొబ్బరి దింపు తీసేవాళ్ళకి కబురు పెట్టండి, కాయ ముదిరిపోయింది అన్నాను. ఆయ్. పైన ట్యాంకు మూత గాలికి ఎగిరిపోయింది, చూడండి అన్నాను. ఆయ్. ఆ మూడో ఆయ్ కూడా అదే ఎత్తులో, అదే సాగదీతలో ఉంది. పేపరు మీంచి చూపు కదల్లేదు.

నాకు ఒళ్ళు మండింది.

"ఎదురింటివాళ్ళ గేదె మన డాబా మెట్లెక్కేసిందండి," అన్నాను.

"ఆయ్."

"ట్యాంకులో మూతి పెట్టి నీళ్ళు తాగుతోందండి."

"ఆయ్, తాగనీ."

కోడలికి పొలమారింది. చాలా రోజుల తరవాత నవ్వింది. కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వి, మంచినీళ్ళ గ్లాసు అందుకుంటూ, "మావయ్యగారు లైన్లోనే ఉన్నారండి. మీరు చెప్పిందేదీ ఎక్కలేదు, అంతే," అంది.

ఆ మాట పూర్తి చేస్తూనే ఆగిపోయింది. గ్లాసు గాల్లోనే ఉంది. ఆమె చూపు వసారాలో లేదు. తాను అన్న మాటని తానే మళ్ళీ వింటున్నట్టు ఉంది ముఖం. గ్లాసు కింద పెట్టేసి, ఎంగిలి చెయ్యి పైకెత్తి పట్టుకుని గదిలోకి పరుగెత్తింది. ఎడంచేత్తో టకటకా కొట్టడం వినిపించింది. మావారు అప్పుడు పేపరు దించి, ఏమైంది, ఏ గేదె అన్నారు.

నేను గుమ్మం దగ్గరికి వెళ్ళాను. చిన్న తెర మీద రామచంద్రపురం వరస ఒక్కటే తెరిచి పెట్టుకుంది. ఎస్టాబ్లిష్డ్ అన్న నా పొడుగు మాట అక్కడే ఉంది, ఆకుపచ్చగా. దానికి దూరంగా చివర్న, మేమెప్పుడూ చూడని గడిలో ఒక అంకె ఉంది. అంకెలు నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు.

"సున్నా," అన్నాను.

"సున్నా అండి," అంది. "రామచంద్రపురం ఆయ్ అంటోంది. అది ఎన్ని చిరునామాలు చెప్పినా, హైదరాబాదు వైపు పుచ్చుకున్నవి మాత్రం సున్నా."

ఆమె రెండు ముక్కల్లో చెప్పేసరికి నాకు అంతా అర్థమైంది. కరెంటు పోతుంది. మొదటి దారి ఆగిపోతుంది. రెండో దారి అందుకుంటుంది, పలకరింపులవుతాయి, పొత్తు కుదురుతుంది, ఆయ్‌లు మొదలవుతాయి. కానీ ఎవరి మాట లోపలికి రానివ్వాలో కాపలా చూసేచోట, రెండో దారిన ఈ ల్యాబు చిరునామాలు కూడా రావచ్చని చెప్పడం ఎవరో మరిచిపోయారు. అందుచేత రామచంద్రపురం ఎన్నిసార్లు చెప్పుకున్నా హైదరాబాదు వైపు పక్కన పడేస్తున్నారు. పడేస్తూనే మర్యాదగా ఆయ్ అంటున్నారు. ఇక రిపోర్టుల పరదా బండి కదలడానికి దారే లేదు. తెర మాత్రం ఆయ్ వినబడుతోంది కాబట్టి ఆకుపచ్చ చూపిస్తోంది. అది అబద్ధం చెప్పలేదు. దాన్ని మనం అడిగిందే అంత.

కోడలు మేడమ్‌కి ఫోను చేసి చెబుతుండగానే పైన ఫ్యాను తిరిగింది. కరెంటు వచ్చింది. సున్నా ఉన్నచోట మామూలు అంకె వచ్చేసింది. మేడమ్ అక్కడ తన తెర తెరిచి చూస్తే ఏ లోపమూ లేదు. ఫొటో తీసేనండి, పంపుతాను అంది కోడలు. మీ ఇంట్లో కరెంటు లేనప్పుడు నీ తెర మీద కనబడిన సున్నా నాకు సాక్ష్యం ఎలా అవుతుంది అంది ఆవిడ. అయితే రేపు ఆ వేళకి మీ తెర మీద మీరే చూడండి అంది కోడలు. ఆవిడ సరే అంది. నేను సూట్‌కేసు మూత వెయ్యలేదు.

మర్నాడు మధ్యాహ్నం మా ఇంట్లో నలుగురమూ కరెంటు పోవాలని కోరుకుంటూ కూర్చున్నాం. అలాంటి రోజు మా జన్మలో ఇంకోటి ఉండదు. హైదరాబాదులో మేడమ్ ఫోను ఆన్‌లో పెట్టుకుని తన తెర ముందు ఉంది. మావారు పేపరు పక్కన పెట్టేసి ఫ్యానుకేసి చూస్తున్నారు. రోజూ పోయే వేళ అయింది. పోలేదు. ఇంకాసేపయింది. ఫ్యాను హాయిగా తిరుగుతోంది. మా అబ్బాయి సబ్‌స్టేషనులో తెలిసినాయనకి ఫోను చేసి, ఇవాళ తియ్యరాండీ అని అడిగాడు. రోజూ తీస్తే తిడతారు, తియ్యకపోతే అడుగుతారు, ఏంటండీ బాబూ మీరు అన్నాడట ఆయన. కోడలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, జొన్నాడ రోజున కూర్చున్నట్టే. అవాళ వేళ్ళు స్థిమితంగా ఉన్నాయి. ఇవాళ కొంగు కొసకి ముడి వేస్తూ విప్పుతూ ఉన్నాయి.

సన్నగా జల్లు మొదలైంది. ఫ్యాను నెమ్మదించింది. ఆగింది.

గోడ మీద రామచంద్రపురం చుక్క ఒక్కసారి రెప్ప కొట్టి మళ్ళీ ఆకుపచ్చ అయింది. కోడలు ఫోను దగ్గరికి వంగింది. ఆ కంగారులో ఆఫీసు భాష మరిచిపోయింది.

"ఇప్పుడు చూడండి మేడమ్. ఆయ్ అంటోందండి, వినట్లేదండి."

"ఏమంటోంది?" అంది ఫోనులోంచి ఆవిడ.

"చివరి గడి చూడండి మేడమ్."

ఆవిడ అక్కడ ఆ గడి వెతుక్కుంటోంది. మాకు వాన చప్పుడే వినిపిస్తోంది. ఆ కాసేపు నేను ఆ తెరనే చూస్తూ నిలబడ్డాను. రెండు ఊళ్ళ మధ్య ఒక తీగలో, ఒకరి మాట ఒకరికి ఎక్కక, అయినా తెగక, ఉన్నాను ఉన్నాను అనుకుంటూ రెండు పెట్టెలు. వాటి మధ్య ఎక్కడో బల్లల మీద కూర్చున్న జనం. హైదరాబాదులో ఒక ఆడమనిషి, కొబ్బరి కొట్టులో ఇంకో ఆడమనిషి, ఇంత దూరం నుంచి ఒకే సున్నాని చూస్తున్నారు. అంత పెద్ద లోకమూ ఆ నిమిషాన ఆ గడిలోకి ఒదిగినట్టు అనిపించింది నాకు.

"సున్నా ఉంది," అంది మేడమ్. "నా దగ్గరా సున్నానే ఉంది."

ఆ తరవాత వాళ్ళిద్దరూ ఇంగ్లీషులోకి వెళ్ళిపోయారు. రెండో దారి కాపలాకి ఆ చిరునామాలు చెప్పించారు. కరెంటు ఇంకా రాకముందే సున్నా పోయి అంకె వచ్చింది. రామచంద్రపురం నుంచి ఆగి ఉన్న రిపోర్టులు కదిలాయని కాసేపటికి తెలిసింది. మేడమ్ సోమవారం మాట ఎత్తలేదు. కోడలే అడిగింది, మరి నేను రావాలాండీ అని. వచ్చి ఏం చేస్తావు, ఈ చివరి గడి అన్ని ఊళ్ళకీ ఎవరు చూస్తారు, అక్కడే కూర్చుని ఆ పని చెయ్యి అంది. వానాకాలం అయ్యాక ఏమిటి అని కోడలు అడగలేదు. ఆవిడా చెప్పలేదు. ఇవాళ్టి దాకా ఎవరూ ఎత్తలేదు.

ఆ వారమంతా కోడలు తలెత్తకుండా పని చేసింది. ఇప్పుడు తెర మీద ప్రతి ఊరికీ రెండు చుక్కలు. మొదటిది ఉన్నావా అన్నదానికి. రెండోది విన్నావా అన్నదానికి. మొదటి చుక్క ఆకుపచ్చగా ఉండి రెండోది ఎర్రబడితే గంట మోగుతుంది. రెండో వరసకి పైన పేరేదో పెట్టింది. పని అయిపోయాక నన్ను పిలిచి, చదవండి అత్తయ్యగారూ అంది. మూడే అక్షరాలు. ఎ. మళ్ళీ ఎ. చివర్న వై. నాకు తెలిసిన ఏ ఇంగ్లీషు మాటా కాదది. ఎస్టాబ్లిష్డ్‌లా పొడుగూ కాదు, యాక్టివ్‌లా డాక్టరుగారు అనేదీ కాదు. కలిపి పలుకుతూ రెండుసార్లు తడబడ్డాను. మూడోసారి నా నోట్లోంచి నా మాటే వచ్చింది.

ఆయ్.

మేడమ్ అడగలేదా ఇదేంటని అన్నాను. అడిగేరండి, మా వైపు మాటండి అని చెప్పేను, ఉంచమన్నారు అంది. ఏయే ఊళ్ళలోనో, నేనెన్నడూ చూడని ఆఫీసుల్లో, ఆ మూడక్షరాల్నీ చదువుతున్నవాళ్ళని తలుచుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

సాయంత్రం అరుగు మీద సూట్‌కేసు మూత వేసి, గొళ్ళేలు పెట్టాను. మావారు వసారాలో పేపరు చదువుకుంటున్నారు.

"పెట్టె అటక మీద పెట్టెయ్యండి," అన్నాను.

"ఆయ్," అన్నారు.

నేను కదలకుండా అక్కడే నిలబడ్డాను. కాసేపటికి ఆయనకి అనుమానం వచ్చి తల ఎత్తారు.

"ఏం చెప్పేనో చెప్పండి చూద్దాం."

ఆయన నన్ను చూశారు, పెట్టెని చూశారు. గదిలోంచి కోడలు కుర్చీ ఇటు తిప్పుకుని వింటోంది.

"పెట్టె అటక ఎక్కించమన్నావు. అమ్మాయి వెళ్ళట్లేదు," అన్నారు మావారు. అని, పేపరు మడిచి లేచి, నిచ్చెన కోసం పెరట్లోకి వెళ్ళారు.